మామయ్య పేరుతో నాటకాలు పెట్టిస్తానంటున్న అత్తయ్య, వద్దంటున్న కొడుకులు

మూలాపేట మేనల్లుడు
మీ సలహా కోసం మా మేనత్త సంగతి ఈ చర్చావేదికలో రాస్తున్నాను. పేర్లు రాయను. నెల్లూరు, ఒంగోలు వైపు పద్యనాటకాలు చూసినవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. మామయ్య కృష్ణుడి వేషానికి పేరున్న నటుడు. రాగం తీస్తే వన్స్‌మోర్ అనకుండా జనం తర్వాతి పద్యానికి వెళ్లనిచ్చేవాళ్లు కాదు. కావలి, కందుకూరు, దర్శి, అద్దంకి, ఎక్కడ తిరునాళ్లు జరిగినా గోడ మీద ఆయన పేరే పెద్ద అక్షరాలలో ఉండేది. ఆయన పోయి మూడేళ్లు దాటింది.

ఆయన బతికి ఉండగా అత్తయ్య ఒక్క నాటకం కూడా చూడలేదు. ఆయన రానివ్వలేదు. "నువ్వు వచ్చి ముందు వరుసలో కూర్చుంటే నాకు పద్యం రాదు" అనేవారు. ఇప్పుడు ఏ ఊళ్లో నాటకం అంటే ఆ ఊరికి బస్సెక్కి వెళ్తోంది. రాత్రంతా కూర్చుని చూసి తెల్లవారి మొదటి బస్సుకు ఇంటికి వస్తోంది. వయసు అరవై ఎనిమిది, పైగా మోకాళ్ల నొప్పులు.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. కోవూరు దగ్గర పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల మాగాణి ఆమెకు ఉంది. అందులో ఒక ఎకరం అమ్మి, ఆ డబ్బుతో మామయ్య పేరు మీద ఏటా నాటకాలు పెట్టిస్తానంటోంది. కొడుకులు ఇద్దరు, ఒకరు హైదరాబాదులో, ఇంకొకరు అమెరికాలో. ఇద్దరూ ససేమిరా అంటున్నారు. "నాటకాల కోసం నాన్న ఇల్లు గుల్ల చేసింది చాలదా" అని పెద్దవాడి మాట. ఆమెకు నచ్చజెప్పే పని నాకు అప్పగించారు. ఏమని చెప్పాలి? అసలు చెప్పాలా?

రెండో కృష్ణుడు
ఎవరో తెలిసిపోయింది. ఆయనతో కలిసి నాలుగైదు ఊళ్లలో వేషం కట్టాను. ఒకే నాటకంలో కృష్ణుడి వేషం ఇద్దరం పంచుకునేవాళ్లం. కృష్ణుడు నిద్రపోయే పడక సీను ఆయనది, కౌరవ సభకు వెళ్లే రాయబారం ఆయనది, మధ్యలో మిగిలిన కృష్ణుడు నేను. అందుకే ఈ పేరు.

పెట్టించమనండి, ఆపవద్దు. కానీ పరిషత్తు పోటీలు మాత్రం వద్దు. మన రెండు జిల్లాలలో పరిషత్తులకు కొదవ లేదు. గంటసేపు సాగే సాంఘిక నాటికలు, ముగ్గురు న్యాయనిర్ణేతలు, చివర బహుమతుల జాబితా. ఎదురుగా కూర్చునేది తమ వంతు కోసం ఎదురుచూసే మిగతా నాటక సమాజాల వాళ్లే. పద్యనాటకం మీద బతికినాయన పేరు పెట్టి పద్యం లేని వేదిక పెడితే ఏం బాగుంటుంది?

టంగుటూరి పొగాకు
ఎకరం మాగాణి అమ్మి నాటకాలా! కొడుకులు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా ఊళ్లో ఇదే తంతు చూశాను. ఒక పేరున్న నటుడు పోయాక ఆయన భార్య చేత డబ్బు పెట్టించి స్మారక కళాపరిషత్తు అన్నారు. మొదటి ఏడాది ఫ్లెక్సీలో ఆయన బొమ్మ పెద్దది, నాయకుల బొమ్మలు చిన్నవి. రెండో ఏడు సమానం. మూడో ఏడు ఆయన బొమ్మ ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుగో ఏడు ఫ్లెక్సీయే లేదు, డబ్బు అయిపోయింది. ఆ తల్లికి మిగిలింది బీరువా నిండా శాలువాలు.

చీమకుర్తి రాయి
ఆ శాలువాలతో తెర కుట్టించాల్సింది, కనీసం ఒక నాటకానికి పనికొచ్చేది.

ఒంగోలు వకీలు
ముందు ఆస్తి సంగతి తేల్చుకోండి. పుట్టింటి నుంచి వచ్చిన భూమి అయితే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం అది ఆమె సొంతం. ఆమె బతికి ఉండగా కొడుకులకు అందులో హక్కు లేదు. అమ్ముకోవచ్చు, దానం చేయవచ్చు, వీలునామా రాయవచ్చు. వాళ్ల సంతకం అక్కరలేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూములు చాలావరకు నోటిమాటగా ఇచ్చినవే. రిజిస్టరు దస్తావేజు ఉందా? పట్టాదారు పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది? రెవెన్యూ రికార్డులైన అడంగల్‌లో, 1బిలో ఎవరి పేరు ఉంది? ఆమె అన్నదమ్ముల పేరే ఇంకా నడుస్తుంటే, ఎకరం అమ్మబోయే రోజున వాళ్ల పిల్లలు వచ్చి కూర్చుంటారు. అప్పుడు జరిగేది వేరే నాటకం.

తర్వాత, డబ్బు ఏ సమాజం చేతిలోనూ పెట్టవద్దు. ట్రస్టు దస్తావేజు రాసి సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించవచ్చు. లేదంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం పెట్టవచ్చు, దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నా సలహా ట్రస్టే. ఏడుగురిని పోగుచేస్తే ఏడు అభిప్రాయాలు వస్తాయి.

టంగుటూరి పొగాకు
వకీలు గారూ, చట్టం ప్రకారం హక్కు ఉంది సరే. లెక్క ప్రకారం కుదురుతుందా? పది లక్షలు బ్యాంకులో వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి వచ్చేది 70 వేలు. ఈ రోజుల్లో పేరున్న నటులతో ఒక్క రాత్రి పద్యనాటకం ఆ డబ్బుతో లేస్తుందా?

రెండో కృష్ణుడు
లేవదు. నటులు, హార్మోనియం, తబలా, డ్రెస్సు సామాను అద్దె, మేకప్, తెరలు, మైకు, లైట్లు, అందరికీ భోజనం, రానుపోను ఖర్చులు అన్నీ కలిపితే మామూలు నాటకానికే లక్ష దాటుతుంది. కృష్ణుడికి, అర్జునుడికి, దుర్యోధనుడికి ముగ్గురేసి పేరున్నవాళ్లను పెడితే చెప్పనే అక్కరలేదు.

ఉదయగిరి చెంచా
ఇలాంటివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారు. జర్మనీలో నాటక రచయిత బ్రెక్ట్ 1956లో చనిపోతే, ఆయన భార్య హెలెన్ వైగెల్ 1971లో తాను కన్నుమూసే దాకా వాళ్ల నాటక సంస్థను నడిపింది. లండన్‌లో డేవిడ్ గారిక్ అనే మహానటుడు 1779లో పోయాక భార్య ఇంకా 43 ఏళ్లు బతికింది, చివరికి ఆయన పక్కనే...

చీమకుర్తి రాయి
మాస్టారూ, కోవూరు నుంచి లండన్‌కు మొదటి బస్సు ఎన్నింటికి?

ఉదయగిరి చెంచా
వెక్కిరించండి. సరే, పొరుగు రాష్ట్రానికి వస్తాను. తమిళ రంగస్థలం మీద కిట్టప్ప అని గొప్ప గాయక నటుడు ఉండేవాడు. 1933లో, ఇరవై ఏడేళ్లకే పోయాడు. ఆయనను పెళ్లాడిన కె.బి. సుందరాంబాళ్‌కు అప్పటికి పాతికేళ్లు. ఆ రోజు నుంచి తెల్లచీరే కట్టింది. అయినా ఇంట్లో కూర్చోలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఒక సినిమాలో మగవేషం, నందనారు వేషం వేసి లక్ష రూపాయలు పుచ్చుకుంది. 1935 నాటి లక్ష! 1951లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టింది. తన ఊరు కొడుముడిలో సొంతంగా సినిమా హాలు కట్టించింది.

వెంకటగిరి జరీ
ఆమెను ఇక్కడికి తేవడం కుదరదు, చెంచా గారూ. సుందరాంబాళ్ స్వయంగా పెద్ద గాయని. వేదిక ఆమెది కూడా. కిట్టప్పకు అంతకుముందే ఇంకో భార్య ఉంది, ఆమె ఏమైందో ఎవరైనా రాశారా? ఈ అత్తయ్య ఆ రెండో రకం మనిషి. వేదిక మీద ఆమెకు చోటు లేదు, చూడటానికి కూడా అనుమతి లేదు. ఇంట్లో ఉండి ఆమె ఏం చేసిందో ఒక్కరూ అడగలేదు. ఎకరం ఎంత పలుకుతుంది, వడ్డీ ఎంత వస్తుంది, ఇంతసేపూ ఇదే.

మేనల్లుడు గారూ, ఆమెను అడిగారా, ఎందుకు పెట్టిస్తానంటోందో?

మూలాపేట మేనల్లుడు
అడగలేదు. మామయ్య మీద ప్రేమ అనుకున్నాను.

వెంకటగిరి జరీ
జీవితమంతా గుమ్మం దాటనివ్వని మనిషి మీద ప్రేమతో పొలం అమ్ముతుందా? కావచ్చు. కాకపోనూ వచ్చు. అడగండి.

హార్మోనియం పెట్టె
నేను కందుకూరు వాణ్ణి. మా ఊరు ప్రకాశం జిల్లాలో ఉన్నంతకాలం ఒంగోలు కచేరీ చుట్టూ తిరిగాను, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపాక నెల్లూరు చుట్టూ తిరిగాను, కళాకారుల పింఛను ఎక్కడా రాలేదు. అది వేరే కథ.

ఈ తల్లి గురించి నాకు తెలుసు. చాలాకాలం ఆయనకు హార్మోనియం వాయించాను. నాటకం అయ్యేసరికి తెల్లవారేది. నెల్లూరులో దిగి, మా ఊరి బస్సు దొరికే లోపల ఆయన ఇంటికి వెళ్లేవాళ్లం. ముఖం మీద రంగు పోవడానికి కొబ్బరినూనె గిన్నె, పాత పంచె ముక్కలు వసారాలో సిద్ధంగా ఉండేవి. లోపల అన్నం, గోంగూర పచ్చడి, ముందురోజు వండిన చేపల పులుసు. ఎంతమంది వస్తామో ఆమెకు ముందే తెలిసేది కాదు, అయినా అన్నం చాలలేదన్న మాట ఎప్పుడూ వినలేదు. ఆయన తిని పడుకునేవారు. మేము తినేటప్పుడు తలుపు పక్కన నిలబడి ఆమె మమ్మల్ని ఒక్కొక్కటే అడిగేది. ఎన్ని వన్స్‌మోర్లు వచ్చాయి, దుర్యోధనుడు ఎవరు, ఆయన గొంతు ఏ పద్యం దగ్గర తగ్గింది. అలా మా నోటితో నాటకం చూసేది.

ఒకసారి దర్శి వైపు నాటకం అయ్యాక కాంట్రాక్టరు డబ్బుతో పారిపోయాడు. ఆయన తన అడ్వాన్సు ముందే తీసుకున్నారు కాబట్టి ఆయనకు పోయింది తక్కువ. నాకు, తబలా అతనికి, చంద్రమతి వేషం వేసిన అమ్మాయికి పైసా లేదు. మా అమ్మాయి పెళ్లి అప్పుడు నెల రోజుల్లో ఉంది. ఈమె చెవి కమ్మలు తీసి ఇచ్చి తాకట్టు పెట్టి సర్దుకోమంది. ఆయనకు చెప్పవద్దంది.

మూలాపేట మేనల్లుడు
ఇది నాకు తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

కొత్తపట్నం సముద్రం
అన్నపూర్ణమ్మ తల్లి. చేతులెత్తి దండం పెట్టాలి.

వెంకటగిరి జరీ
దండం తర్వాత పెడుదురు గాని, ఆ కమ్మలు ఎవరు విడిపించారు?

హార్మోనియం పెట్టె
నా వంతు డబ్బు నేను తిరిగి ఇచ్చాను, ఏడాదిన్నర పట్టింది. మిగతావాళ్ల సంగతి తెలియదు.

మూలాపేట మేనల్లుడు
విడిపించి ఉండరు. ఆమె చెవులకు ఉన్నవి గిల్టు కమ్మలు. బంగారం పెట్టుకుంటే చెవి పుండు పడుతుందని చెప్పేది. చిన్నప్పటి నుంచి అదే విన్నాం, అదే నమ్మాం.

టంగుటూరి పొగాకు
నేను లెక్కలు మాట్లాడానని నన్ను రాయిలా చూడవద్దు. పై మాటలు చదివాక ఇంకా గట్టిగా చెబుతున్నాను. ఆ తల్లి ఇప్పటికే చాలినంత ఇచ్చింది. మిగిలిన ఆ రెండెకరాలైనా ఆమె మందులకు, మోకాళ్లకు ఉండనివ్వండి.

చీమకుర్తి రాయి
రాయి నా పేరు, అటు రావద్దు.

హార్మోనియం పెట్టె
పొగాకు గారి మాటను కొట్టిపారేయలేను.

గూడూరు నిమ్మకాయ
[ఈ వ్యాఖ్యను తొలగించాం.]

నిర్వాహకుడు
ఆ నటుడికి ఇంకో ఊళ్లో ఎవరున్నారు, ఏం జరిగింది అన్న ఆరాలు ఇక్కడ వద్దు. ఇంటి మనిషి నమ్మి అడిగిన ప్రశ్న ఇది. మళ్లీ రాస్తే ఖాతా మూసేస్తాం.

మూలాపేట మేనల్లుడు
నిర్వాహకులకు కృతజ్ఞతలు. నిమ్మకాయ గారు రాసింది అత్తయ్యకు తెలియనిది కాదు, అంతవరకు చెప్పగలను.

ఇంకొక్క సంగతి. ఆమెను ఇంతగా కదిలించింది ఇదేనని నా అనుమానం. నిరుడు ఒక ఊళ్లో మామయ్య సంస్మరణ సభ పెట్టారు. ఆమెను పిలిచి మొదటి వరుసలో కూర్చోబెట్టారు. జ్యోతి వెలిగించే సమయానికి మైకులో ఆమె పేరు పిలవబోయి, పక్కన ఎవరో చెవిలో ఏదో చెప్పగానే ఆపేసి, ముఖ్య అతిథి భార్యను పిలిచారు. ఈమె చేత ఫోటోకు దండ వేయించారు. ఆయన పేరు మీద సభ, ఆయన భార్య దీపం వెలిగించకూడదట.

ఉదయగిరి చెంచా
ఇప్పుడు లండన్ వెళ్లను, రాజమండ్రి వరకే వెళ్తాను. మనం తెలుగు నాటకరంగ దినోత్సవం ఏ రోజు జరుపుకుంటాం? ఏప్రిల్ 16న. ఎవరి పుట్టినరోజు? కందుకూరి వీరేశలింగం గారిది. 1880లో తన శిష్యులతో నాటకం ఆడించిన మనిషి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన మనిషీ ఆయనే. ఆయన బొమ్మకు దండ వేసి, అదే వేదిక మీద భర్త పోయిన స్త్రీని దీపం దగ్గరకు రానివ్వరు. బొమ్మలో నుంచి దిగివచ్చి చెంపలు వాయించాలి.

రెండో కృష్ణుడు
మాస్టారు ఈసారి సరిగ్గా కొట్టారు. బళ్లారి రాఘవ గారు పోయింది కూడా ఏప్రిల్ 16నే, 1946లో. స్త్రీ వేషాలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటివాళ్లను వేదిక ఎక్కించినాయన. ఆ ఒక్క తేదీ చాలు, నిర్వాహకులకు సిగ్గు రావడానికి.

కొత్తపట్నం సముద్రం
సిగ్గు సంగతి సరే, ఊళ్లలో వాస్తవం వేరు. నేను మా ఊరి ఉత్సవ కమిటీలో ఉన్నాను. ఇలాంటి పని చేస్తే రేపు వర్షం పడకపోయినా, పడవ తిరగబడినా ఆమె మీదకే వస్తుంది. ఆమెను ఆ మాటల పాలు చేయడం ఎందుకు? దీపం లేకుండానే సభ పెట్టండి. తెర లేచే ముందు మూడో గంట ఆమె చేత కొట్టించండి. గంటకు ముత్తైదువ కావాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

వెంకటగిరి జరీ
దీపానికి కావాలని ఏ శాస్త్రంలో ఉందో చూపించండి. డబ్బు ఆమెది. దీపం ఆమే వెలిగిస్తుంది. నచ్చనివాళ్లు గంట మోగాక రావచ్చు.

కొత్తపట్నం సముద్రం
నేను ఆమె మంచి కోరే చెప్పాను.

వెంకటగిరి జరీ
నాటకానికి రావద్దన్నాయన కూడా మంచి కోరే చెప్పి ఉంటారు.

ఒంగోలు వకీలు
మన ఒంగోలు చరిత్రలో ఒక మాట గుర్తుచేస్తాను. ప్రకాశం పంతులు గారికి పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచింది. ఆ పిల్లవాడు ఇక్కడే నాటకాలలో పడ్డాడు, ఆడవేషాలు కట్టాడు. ఆ నాటకాల పరిచయంతోనే ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. భర్త పోయిన ఆడమనిషి పెట్టే అన్నం, నాటకం, ఈ రెండూ లేకపోతే మన జిల్లాకు ఆ పేరే లేదు.

టంగుటూరి పొగాకు
మా ఊరి ఇంటిపేరు మీద నాకే పాఠం చెబుతున్నారు. సరే, ఒప్పుకుంటాను. పొలం మాత్రం అమ్మవద్దు. ఏటా వచ్చే కౌలు నాటకానికి పెట్టమనండి. భూమి భూమిగా ఉంటుంది, కొడుకులూ నోరెత్తరు.

చీమకుర్తి రాయి
పొగాకు గారు మెత్తబడ్డారు. వేలం పాట ధర పెరిగినట్టుంది.

మూలాపేట మేనల్లుడు
ఆదివారం వెళ్లి కూర్చున్నాను. పొగాకు గారి కౌలు మాటే ముందు చెప్పాను. "నేను పోయాక ఆ కౌలు వీళ్లు ఇస్తారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత జరీ గారు అడగమన్నది అడిగాను. ఎందుకు అత్తయ్యా అని. ఆమె లేచి వెళ్లి రేకు పెట్టె తెచ్చింది. అందులో మామయ్య కిరీటాలు ఉంటాయనుకున్నాను. పుస్తకాలు ఉన్నాయి, కిరాణా కొట్టు పద్దుల పుస్తకాల వంటివి. నాటకం జరిగిన ప్రతి ఊరూ, తేదీ, కాంట్రాక్టరు ఎంత ఒప్పుకున్నాడు, ఎంత ఇచ్చాడు, ఎంత ఎగ్గొట్టాడు, అన్నీ రాసి ఉన్నాయి. మామయ్యకు వచ్చింది ఒక వరస. దాని పక్కన హార్మోనియానికి ఎంత, తబలాకు ఎంత, మేకప్ మనిషికి ఎంత, ఆడవేషానికి ఎంత. పొద్దున అన్నం పెడుతూ అడిగి తెలుసుకుని రాసినవన్నమాట. కృష్ణుడికి ఇచ్చినదానిలో హార్మోనియానికి పదో వంతు కూడా లేని రాత్రులు ఉన్నాయి. "మీ మామయ్యకు వన్స్‌మోర్ కొట్టారు. పద్యం రెండోసారి పాడితే ఆ పెట్టె రెండోసారి వాయించిందెవరు?" అంది.

ప్రేమా అని కూడా అడిగాను. "ఆయన ఎక్కడికి వెళ్లేవాడో చూద్దామని వెళ్తున్నాను" అంది. ఇంకేం చెప్పలేదు.

ఆమె షరతులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నటులకు, వాద్యాలవాళ్లకు డబ్బు కవర్లు ముఖానికి రంగు వేసుకోకముందే ఇవ్వాలి. ఆడవేషం వేసే అమ్మాయిలకు లోపలి నుంచి గడియపడే గది, మరుగుదొడ్డి ఉండాలి, తెల్లవారి ఇంటి దాకా కారు పంపాలి. శాలువాలు వద్దు. ఫ్లెక్సీ మీద వేషాలు కట్టేవాళ్ల ఫోటోలే ఉండాలి. ముఖ్య అతిథి ఎవరైనా సరే, మాట్లాడాలనుకుంటే నాటకం అయ్యాక మాట్లాడాలి.

రెండో కృష్ణుడు
ఆ చివరి షరతు ఒక్కటి చాలు, అతిథులు వాళ్లంతట వాళ్లే తగ్గిపోతారు. తెల్లవారి నాలుగున్నరకు ఉపన్యాసం ఇచ్చే నాయకుణ్ణి చూడాలని ఉంది.

హార్మోనియం పెట్టె
ఆమె అలా రాసిపెడుతోందని మాకెవరికీ తెలియదు. తినేటప్పుడు ఊరికే అడుగుతోందనుకున్నాం.

కొత్తపట్నం సముద్రం
పేరు ఎవరిది పెడతారు? ఆయనదా, ఆమెదా?

మూలాపేట మేనల్లుడు
అదీ అడిగాను. "ఆయన పేరే పెట్టండి, పేరు చూసి జనం వస్తారు. లెక్కల పుస్తకం మాత్రం నా దగ్గర ఉండాలి" అంది.

ఒంగోలు వకీలు
ఇంత స్పష్టంగా ఉన్న కక్షిదారు నాకు ఇంతవరకు తగల్లేదు. ట్రస్టు దస్తావేజులో ఆ షరతులన్నీ యథాతథంగా రాద్దాం. మూలధనం ముట్టుకోకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి అని ఒక పేరా ఉండాలి. ఆమె తర్వాత లెక్కలు ఎవరు చూడాలో ఆమే రాయాలి. నా ఫీజు అక్కరలేదు, నాటకం రాత్రి భోజనంలో చేపల పులుసు ఉంటే చాలు.

హార్మోనియం గారూ, మీ పింఛను సంగతి కూడా చూద్దాం. కేంద్ర సాంస్కృతిక శాఖకు అరవై దాటిన కళాకారుల కోసం సాయం పథకం ఉంది, అది తీసుకుంటున్న కళాకారుడు పోతే భార్యకు కొనసాగించే వీలు కూడా ఉంది. పాత కరపత్రాలు, పత్రికలలో వచ్చిన ముక్కలు ఏమైనా దాచారా?

హార్మోనియం పెట్టె
కరపత్రాలలో మా పేరు ఎక్కడ వేస్తారు బాబూ? వాద్యాలవాళ్లందరికీ కలిపి "హంగు" అని ఒక్క ముక్క వేసి వదిలేస్తారు.

వెంకటగిరి జరీ
కరపత్రం లేకపోతే ఏం? అత్తయ్య గారి పుస్తకాలలో మీరు వాయించిన ఊళ్లు తేదీలతో సహా ఉన్నాయి. అంతకంటే రుజువు ఏం కావాలి?

ఒంగోలు వకీలు
అధికారులు ఒప్పుకుంటారో లేదో కాని, జత చేయదగ్గ కాగితమే. పెట్టిచూద్దాం.

మూలాపేట మేనల్లుడు
పుస్తకాల ఫోటోలు తీసి పంపిస్తాను. పాసు పుస్తకం ఆమె పేరు మీదే ఉంది, వకీలు గారికి విడిగా పంపాను. చిన్నవాడు అమెరికా నుంచి ఫోను చేసి, పుస్తకాల సంగతి విని, బ్యాంకు ఖాతా నంబరు అడిగాడు. పెద్దవాడు నాతో మాట్లాడటం మానేశాడు. వాడికి ఈ చర్చ మొత్తం పంపించాను, చదివాడో లేదో తెలియదు.

ఇక నాటకం ఏదో తేల్చాలి. ఏప్రిల్ 16 అనుకుంటున్నాం. నెల్లూరు పురమందిరం అడుగుదామా, కోవూరులో బయట వేదిక కడదామా?

ఉదయగిరి చెంచా
నెల్లూరులోనే పెట్టండి. వేదం వెంకటరాయశాస్త్రి గారి ఆంధ్రభాషాభిమాని సమాజం నాటకాలు ఆడిన ఊరు. ఆయన ప్రతాపరుద్రీయంలో రాజు ఒక భాష, చాకలి పేరిగాడు ఇంకో భాష మాట్లాడితే పండితులు గోలపెట్టారు, జనం పేరిగాడి కోసమే వచ్చారు.

రెండో కృష్ణుడు
కోవూరులో పెట్టండి. పురమందిరంలో కుర్చీలు ఉంటాయి, పద్యనాటకానికి చాపలు ఉండాలి. రాయబారం వేద్దాం. ఆయన వేషం అది. తిరుపతి వేంకట కవుల పద్యాలకు ఇప్పటికీ జనం కదులుతారు. మొదటి కృష్ణుడికి మనిషిని నేను చూస్తాను.

చీమకుర్తి రాయి
మొదటి కృష్ణుడు ఎవరో మాకు తెలిసిపోయింది. ఇన్నేళ్లకు ప్రమోషన్!

గూడూరు నిమ్మకాయ
మొన్నటిదానికి ఏమీ అనుకోవద్దు. చింతామణి వేస్తే హాలు నిండుతుంది.

నిర్వాహకుడు
చింతామణిని 2022 జనవరిలో ప్రభుత్వం నిషేధించింది. మీ చేతిలో ఏది పెట్టినా గొడవే.

మూలాపేట మేనల్లుడు
అత్తయ్య ముందే నిర్ణయించుకుంది. హరిశ్చంద్ర వేయాలట. రాయబారం వద్దంటే ఎందుకని అడిగాను. "రాయబారం ఆయనది. హరిశ్చంద్రలో చంద్రమతి ఉంది" అంది.

వెంకటగిరి జరీ
మొగుడి మాట నిలబెట్టడానికి అమ్ముడుపోయిన మనిషి. బాగానే ఎంచుకుంది.

రెండో కృష్ణుడు
బలిజేపల్లి వారి హరిశ్చంద్ర అయితే కాటి సీను ఒక్కటే గంటన్నర పడుతుంది. జాషువా గారి పద్యాలు కూడా కలిపి పాడతారు కదా. మరి నాకేం వేషం? నక్షత్రకుడా?

చీమకుర్తి రాయి
అప్పు వసూలు చేసే వేషం. కమ్మల బాకీ ఎగ్గొట్టిన ఆ కాంట్రాక్టరును కూడా వెతికి పట్టుకోండి.

హార్మోనియం పెట్టె
ఏప్రిల్ 16 ఖాళీగా ఉంచుతాను. చంద్రమతి ఏ శ్రుతికి పాడుతుందో ముందే తెలియాలి. కిందటిసారి ఒక ఊళ్లో ఆ అమ్మాయి ఒక శ్రుతి, హరిశ్చంద్రుడు ఇంకో శ్రుతి, మధ్యలో నా వేళ్లు పడిపోయాయి. కీబోర్డు కుర్రవాణ్ణి పిలిస్తే మాత్రం నేను రాను.

మూలాపేట మేనల్లుడు
కీబోర్డు లేదు, మీ పెట్టే. కవరు మీద ఎంత రాయమంటారో అత్తయ్య అడుగుతోంది.

హార్మోనియం పెట్టె
హరిశ్చంద్రుడికి ఎంత ఇస్తున్నారో అడిగి చెప్పండి. అందులో సగం.